పెద్దలను విమానమెక్కించే ముందు



ఒకప్పుడు మన పల్లెలలో విమానమంటే పొలములో నిలబడి తల ఎత్తి చూచేది. నేడు గోదావరి జిల్లాలలో చూచినా, గుంటూరు వైపు చూచినా, కరీంనగర్ వైపు చూచినా, అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో బిడ్డలున్న కుటుంబములు అనేకము. కుమార్తె పురిటికి తల్లి వెళ్లాలి. మనుమడిని ఎత్తుకొనుటకు తాతయ్య వెళ్లాలి. అప్పుడు ఇంట్లో ఒక మాట వస్తుంది: "నాన్నకు మోకాళ్ల నొప్పులు, అమ్మకు షుగరు. అంత దూరము మామూలు సీటులో ఎలా కూర్చుంటారు? బిజినెస్ క్లాసు టికెట్టు తీద్దామా?"

ఇది చిన్న ప్రశ్న కాదు. ఆ టికెట్టు మామూలు టికెట్టుకు మూడు నాలుగు రెట్లు ఉండుట సాధారణము. కొందరు బిడ్డలు క్రెడిట్ కార్డు మీద అప్పు చేసి తీస్తారు. కొందరు తల్లిదండ్రులు "మాకెందుకమ్మా ఇంత ఖర్చు" అని వద్దని, కాళ్లు వాచి దిగుతారు. గనుక ఈ నెల ఈ సంగతిని కొంచెము నిదానముగా చూద్దాము. ఇంత డబ్బు పెట్టి మనము కొనేది ఏమిటి?

బిజినెస్ క్లాసు 1970ల చివరి సంవత్సరములలో పుట్టినది. పూర్తి ధర చెల్లించే వ్యాపారస్థులను చవక టికెట్ల వారినుండి వేరుగా కూర్చోబెట్టుటకు దానిని ఏర్పాటు చేశారు. చాలాకాలము అది వెడల్పైన కుర్చీ మాత్రమే. 2000 సంవత్సరములో బ్రిటిష్ ఎయిర్‌వేస్ వారు బిజినెస్ క్లాసులో పూర్తిగా చదునుగా పరచుకొనే పడకను తెచ్చారు. అప్పటినుండి విమాన సంస్థల పోటీ అంతా ఆ పడక మీదనే నడుస్తున్నది. మామూలు సీటు వెడల్పు 17, 18 అంగుళములు. ఒక వరుసకు, ముందు వరుసకు మధ్య దూరము 31, 32 అంగుళములు. బిజినెస్ పడక ఆరడుగుల మనిషి కాళ్లు చాపుకొనేంత ఉంటుంది. మనము ముఖ్యముగా కొనేది అదే: నడుము వాల్చి నిద్రపోయే చోటు.

అయితే అన్ని బిజినెస్ సీట్లు ఒకటి కావు. టికెట్టు తీసే బిడ్డలు ముందుగా చూడవలసినది వరుస అమరిక. 1-2-1 అని ఉంటే కిటికీ దగ్గర ఒకరు, మధ్యలో ఇద్దరు, అవతలి కిటికీ దగ్గర ఒకరు కూర్చుంటారు. ప్రతివారికీ నేరుగా నడవలోనికి దారి ఉంటుంది. 2-2-2 లేక 2-3-2 అని ఉంటే కిటికీ దగ్గరివారు పక్కవారి కాళ్లు దాటి రావాలి. రాత్రి నాలుగుసార్లు బాత్‌రూముకు లేవవలసిన పెద్దలకు ఈ తేడా ఎంత పెద్దదో చెప్పనక్కరలేదు.

సంస్థ పేరు ఒకటే అయినా విమానమును బట్టి సీటు మారుతుంది. ఖతార్ ఎయిర్‌వేస్ వారు 2017లో తెచ్చిన క్యూ సూట్‌లో ప్రతి సీటుకు చిన్న తలుపు ఉంటుంది. మధ్యలోని కొన్ని సీట్లను కలిపి భార్యాభర్తలకు ఒకే పడకగా చేయవచ్చును. కాని వారి విమానములన్నిటిలో క్యూ సూట్ లేదు. ఎమిరేట్స్ వారి రెండంతస్తుల ఏ380లో అమరిక 1-2-1. వారి బోయింగ్ 777లలో చాలాకాలముగా ఉన్నది 2-3-2. 2024 నుండి వాటిని ఒక్కొక్కటిగా 1-2-1కి మార్చుతున్నారు. బ్రిటిష్ ఎయిర్‌వేస్ వారి పాత సీట్లలో ఒకరు ముందుకు, ఒకరు వెనుకకు ముఖము పెట్టి కూర్చోవలసి వచ్చేది. 2019లో వారు తలుపు గల కొత్త సీటును ప్రవేశపెట్టారు. మన ఎయిర్ ఇండియా 2022 జనవరిలో మరల టాటాల చేతికి వచ్చినది. 2024 జనవరిలో వారు నడపనారంభించిన ఏ350 విమానములో బిజినెస్ సీట్లు 28, అన్నిటికీ తలుపులు, అమరిక 1-2-1. అదే సంస్థ పాత విమానములలో అమరిక వేరు. సింగపూర్ ఎయిర్‌లైన్స్ వారి దూరప్రయాణపు సీట్లు అనేకము వెనక్కి వాలి పడక కావు. సీటు వీపును ముందుకు మడిచి పడక వేయాలి. సిబ్బందిని అడిగితే వారే వేసిపెడతారు. ఇది తెలియని పెద్దవారు రాత్రంతా కూర్చుండిపోగలరు.

కాబట్టి "ఏ కంపెనీ మంచిది?" అని అడుగుటకంటె "ఆ తేదీన ఏ విమానము? సీట్ల అమరిక ఏమిటి?" అని అడుగుట మేలు. టికెట్టు మీద విమానము రకము ఉంటుంది. సీట్ మ్యాప్ కూడ చూపిస్తారు. ఆఖరి నిమిషములో విమానము మారే అవకాశము ఉన్నది గనుక బయలుదేరే వారములో మరొకసారి చూచుకోవాలి.

తలుపు గల సీటు అందరికీ సుఖమని కూడ అనుకొనరాదు. ఒంటరిగా వెళ్లే తల్లికి, ఇంగ్లీషు రాని తల్లికి, ఆ గదివంటి చోటు భయము కలిగించవచ్చును. పడక బటను ఏది, పిలిచే బటను ఏది, దీపపు బటను ఏది అని ఇంట్లోనే ఫోనులో చిత్రము చూపి నేర్పండి. దంపతులు కలిసి వెళ్తే మధ్యలోని రెండు సీట్లు తీసుకొనుట మంచిది.

ఇక సేవల సంగతి. గుడ్డ పరచిన బల్ల, పింగాణీ పళ్లెము, వేడి తువాలు, పరుపు, దుప్పటి ఇస్తారు. టర్కిష్ ఎయిర్‌లైన్స్ దూరప్రయాణములలో తెల్లటోపీ పెట్టుకొన్న వంటవారు వడ్డనకు వస్తారు. సింగపూర్ వారు ప్రయాణమునకు కనీసము 24 గంటల ముందు కోరుకొన్న వంటకమును సిద్ధముచేసి పెడతారు. కొన్ని సంస్థల ఏ380లలో ఒక బారు కూడ ఉన్నది. మన పెద్దలకు దానితో పనిలేదు. మన నాన్నగారికి కావలసినది నాలుగు మెతుకుల పెరుగన్నము. ఇవన్నీ బాగున్నవే గాని, వీటికొరకు అప్పు చేయవలసిన అవసరము కనబడదు.

చాలామందికి తెలియని ముఖ్యమైన మాట ఒకటున్నది. పెద్దలకు నిజముగా అవసరమైన సహాయములో చాలాభాగము మామూలు టికెట్టుతోనే దొరుకుతుంది. వీల్‌చైరు కావాలని టికెట్టు తీసినప్పుడే చెప్పితే, కౌంటరు దగ్గరనుండి విమానము తలుపు వరకు, మారే చోట ఒక విమానమునుండి మరొక విమానము వరకు సిబ్బంది తీసికొని వెళ్తారు. సాధారణముగా దీనికి విడిగా రుసుము ఉండదు. షుగరు ఉన్నవారి భోజనము, శాకాహార భోజనము కూడ ముందుగా చెప్పుకొంటే మామూలు క్లాసులోనే ఇస్తారు. మారే చోట ఐదారు గంటలు ఆగవలసి వస్తే విశ్రాంతి గదిని చాలా విమానాశ్రయములలో విడిగా డబ్బు కట్టి వాడుకోవచ్చును. "అమ్మకు ఎవరు దారి చూపుతారు?" అన్న భయముతోనే బిజినెస్ టికెట్టు తీసేవారు ఈ సంగతి తెలుసుకోవాలి.

ఆరోగ్యము మాటకు వస్తే, ఎక్కువసేపు కదలక కూర్చుంటే కాలి నరములలో రక్తము గడ్డకట్టే ప్రమాదము ఉన్నది. నాలుగు గంటలు దాటిన ప్రయాణములో ఈ ప్రమాదము దాదాపు రెండింతలు అవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో తెలిపినది. సుమారు 6,000 మందిలో ఒకరికి రావచ్చునని కూడ చెప్పినది. అది కదలకుండ ఉండుటవలన వచ్చేది గనుక బిజినెస్ సీటు దానికి మందు కాదు. ఏ క్లాసులోనైనా పిక్కలు కదిలించుచుండాలి, గంటకో రెండు గంటలకో లేచి నాలుగడుగులు వేయాలి, నీళ్లు త్రాగాలి. ఇంతకుముందు రక్తము గడ్డకట్టినవారు, ఈ మధ్యనే ఆపరేషను అయినవారు, క్యాన్సరు చికిత్సలో ఉన్నవారు డాక్టరుగారిని అడగకుండ బయలుదేరరాదు.

మరి బిజినెస్ టికెట్టు ఎప్పుడు తగును? నడుము ఆపరేషను అయి కూర్చోలేనివారికి, తుంటి బిగుసుకొన్నవారికి, పడుకొనకపోతే ప్రాణము మీదికి వచ్చేవారికి అది ఆడంబరము కాదు, అవసరము. అటువంటివారి విషయములో పొదుపు పేరున వెనుకాడకండి. అందరికీ అంత అవసరము లేదు. మధ్యరకముగా ప్రీమియం ఎకానమీ ఉన్నది. సీటు వెడల్పు ఎక్కువ, కాళ్లకు చోటు ఎక్కువ, పడక మాత్రము కాదు. మరొక మార్గము కూడ ఉన్నది. హైదరాబాదునుండి దుబాయికి నాలుగు గంటలే. దుబాయినుండి డల్లాసుకు సుమారు 16 గంటలు. ఆ పెద్ద భాగమునకు మాత్రమే పై తరగతి దొరుకునేమో అడిగి చూడవచ్చును. అదీ కాకపోతే నడవ వైపు సీటు ముందే తీసుకొనుట, మధ్యలో ఒకరోజు ఆగి నిద్రపోయి వెళ్లుట కూడ మేలే.

చివరిగా ఒక మాట. "మావాడు మమ్మల్ని బిజినెస్‌లో పంపించాడు" అని ఊరిలో చెప్పుకొనుటకు ఆశపడే తల్లిదండ్రులున్నారు. పంపలేకపోయినందుకు లోలోపల కుమిలిపోయే బిడ్డలున్నారు. కన్నవారి యెడల ప్రేమను సీటు అంగుళములతో కొలువకండి. తల్లిదండ్రులారా, నొప్పి ఉంటే దాచకుండ చెప్పండి. లేకపోతే లేదని చెప్పండి. బిడ్డలారా, మీ చేతిలో ఉన్నదెంతో దాచకుండ చెప్పండి. ఫోనులో అందరూ కలిసి కూర్చొని లెక్క చూచుకొని తీసిన టికెట్టు ఏ తరగతిదైనా మంచిదే. మిగిలిన డబ్బుతో మరుసటి సంవత్సరము అమ్మను మరొకసారి పిలిపించుకొనగలిగితే, ఆ మనుమడికి అంతకంటె కావలసినదేమున్నది?