కారు వెనకున్న చిన్న పేరు

మోడల్ కార్లు తయారుచేసే పిల్లలు చాలామంది చివర్లో ఒక చిన్న పని వదిలేస్తారు. బాడీకి రంగు వేస్తారు. ఇంజిన్ అతికిస్తారు. చక్రాలు బిగిస్తారు. ఆ తర్వాత డెకాల్ షీటు తీస్తారు. డెకాల్ అంటే నీళ్లలో కాసేపు నానబెట్టి, కాగితం మీంచి మెల్లగా జార్చి, బొమ్మ మీద అతికించే పల్చటి ముద్ర. పెద్ద చారలూ, రేసు నంబర్లూ ఎంతో శ్రద్ధగా అతికిస్తారు. కానీ కొన్ని కిట్లలో బియ్యపు గింజంత పేరు ఒకటి ఉంటుంది, అది మాత్రం షీటు మీదే మిగిలిపోతుంది. అది ఆ కారు అమ్మిన షోరూమ్ పేరు. "ఇది ఎవరికి కనిపిస్తుందిలే!" అనుకుని షీటుతో పాటు దాన్నీ చెత్తబుట్టలో వేసేస్తారు.

ఆ పేరు పారేయకూడదని నా అభిప్రాయం. ఎందుకో చెప్తాను, వినండి.

మన పెద్దవాళ్లు కొత్తవాళ్లు కనిపిస్తే మొదట ఏమడుగుతారు? "మీదే ఊరు?" అని అడుగుతారు కదా. మన ఇంటిపేర్లలో చాలావాటికి మూలం ఊరి పేర్లే. పేరు ఒక్కటే చెబితే మనకు సరిపోదు, ఊరు కూడా తెలియాలి. కారు విషయమూ అంతే. ముందు భాగంలో ఉండే ఫోర్డ్, షెవ్రొలే లాంటి గుర్తు ఆ కారును ఏ కంపెనీ చేసిందో చెప్తుంది. వెనక ఉండే చిన్న పేరు ఆ కారును ఏ ఊళ్లో, ఎవరు అమ్మారో చెప్తుంది. ఒకేలాంటి కార్లు వేలకు వేలు తయారవుతాయి. వాటిలో ఈ కారుది ఏ ఊరో చెప్పేది ఆ చిన్న పేరే.

అమెరికాలో పాతరోజుల్లో షోరూములు వేటికవే వేరుగా ఉండేవి. ఎవరి బోర్డు వాళ్లదే, ఎవరి రంగులు వాళ్లవే. 1920ల్లో లాస్ ఏంజెలెస్‌లో ఎర్ల్ ఆంథోనీ అనే ఆయన ప్యాకార్డ్ కార్లు అమ్మేవారు. ఆ దేశంలో షోరూముకు నియాన్ దీపాల బోర్డు పెట్టిన తొలి వ్యాపారుల్లో ఆయన ఒకరు. తర్వాత చాలామంది డీలర్లు తమ పేరునూ, ఊరి పేరునూ మెరిసే లోహపు అక్షరాలతో చేయించి, అమ్మిన ప్రతి కారు డిక్కీ మీద బిగించేవాళ్లు. డిక్కీ అంటే మీరు ట్రంక్ అంటారే, అదే. కారు ఎక్కడికి వెళ్తే ఆ పేరూ అక్కడికి వెళ్లేది.

కొందరు డీలర్లు పేరుతో ఆగలేదు, కారునే మార్చేశారు. పెన్సిల్వేనియాలో కానన్స్‌బర్గ్ అనే చిన్న ఊరుంది. అక్కడ యెంకో కుటుంబం షెవ్రొలే కార్లు అమ్మేది. ఆ ఇంటి అబ్బాయి డాన్ యెంకో రేసుల్లో కార్లు నడిపేవారు. ఆ రోజుల్లో జనరల్ మోటార్స్ కంపెనీ, కమారో లాంటి కార్లలో 400 క్యూబిక్ అంగుళాల కన్నా పెద్ద ఇంజిన్ పెట్టకూడదని తనకు తానే ఒక నియమం పెట్టుకుంది. డాన్ ఊరుకోలేదు. మొదట తన షోరూములోనే ఇంజిన్లు మార్పించారు. 1969లో ప్రత్యేకంగా ఆర్డరిచ్చి, కంపెనీ చేతే 427 క్యూబిక్ అంగుళాల ఇంజిన్ ఉన్న కమారోలు చేయించుకున్నారు. అంటే సుమారు 7 లీటర్ల ఇంజిన్! వాటి పక్కల పొడుగాటి చారలు వేసి, అందులో యెంకో అని రాయించారు. ఇప్పుడు మీరే ఆలోచించండి. ఆ కారు మోడల్ చేస్తూ యెంకో అన్న డెకాల్ వదిలేస్తే మీ చేతిలో ఏం మిగులుతుంది? మామూలు కమారో. కథంతా ఆ పేరులోనే ఉంది.

షికాగోలో నికీ షెవ్రొలే అని ఇంకో షోరూమ్ ఉండేది. వాళ్లు తమ పేరులోని ఇంగ్లీషు కె అక్షరాన్ని కావాలనే తిరగేసి రాసుకునేవాళ్లు. బోర్డు చూసినవాళ్ల కన్ను అక్కడే ఆగేది. మీ డెకాల్ షీటులో కె తిరగబడి కనిపిస్తే అది అచ్చుతప్పు కాదు, సరిచేయకండి!

"ఇదంతా ప్రకటనే కదా? డీలర్ కోసం మనమెందుకు ఊరికే ప్రచారం చేయాలి?" అని మీలో ఎవరైనా అడగొచ్చు. మంచి ప్రశ్నే. నిజం చెప్పాలంటే మోడల్ కార్లు కూడా అలాగే మొదలయ్యాయి. 1948లో డెట్రాయిట్ ప్రాంతంలో ఏఎంటీ అనే కంపెనీ పుట్టింది. ఆ పేరులోని మొదటి అక్షరం అల్యూమినియానిది, ఎందుకంటే వాళ్ల మొదటి బొమ్మ కారును అల్యూమినియంతో చేశారు. త్వరలోనే ప్లాస్టిక్‌కు మారారు, పేరు మాత్రం అలాగే ఉండిపోయింది. ఆ బొమ్మలు వెళ్లింది ఫోర్డ్ షోరూములకు. అసలు కారుకు ఏ రంగు వస్తుందో బొమ్మకూ అదే రంగు వేసేవాళ్లు. నాన్న కారు చూస్తుంటే పిల్లవాడి చేతిలో బొమ్మ పెట్టేవాళ్లు. ఇక ఆ పిల్లవాడు ఇంటికెళ్లి ఏ కారు కొనమని గోల చేస్తాడో చెప్పాలా? 1958 నుంచి అదే ఏఎంటీ విడి భాగాల కిట్లు అమ్మింది. ఒకే పెట్టెలోని భాగాలతో మామూలు కారు చేయొచ్చు, సొంత తరహాలో మార్చిన కారు చేయొచ్చు, లేదా రేసు కారు చేయొచ్చు. అవి అసలు కారులో 25వ వంతు ఉండేవి. 5 మీటర్ల కారు 20 సెంటీమీటర్ల బొమ్మ అవుతుందన్నమాట.

కాబట్టి అది ప్రకటన అన్న మాట నిజమే. మీ ఇంటి అసలు కారు మీద డీలర్ పేరు వద్దంటే తీసేయమనండి, తప్పేం లేదు. డబ్బిచ్చి కొన్న కారు మీద ఏముండాలో కొన్నవాళ్లే చెప్పాలి. కానీ మోడల్ సంగతి వేరు. యాభై ఏళ్ల కిందటి షోరూమ్ పేరు ఈరోజు ఎవరికీ ఏమీ అమ్మలేదు. అప్పుడు ప్రకటనగా ఉన్నది ఇప్పుడు చరిత్ర అయింది. అది ప్రకటనగా పుట్టిందని తెలిసి అతికించడం వేరు, తెలియకుండా అతికించడం వేరు. తెలిసి అతికించండి అంటున్నాను.

ఇంకో కారణం కూడా ఉంది. ఈ పేర్లు పోతున్నాయి. ఓల్డ్స్‌మొబిల్ కార్లు 2004లో ఆగిపోయాయి. 2009లో క్రైస్లర్ కంపెనీ దివాలా తీసినప్పుడు ఒక్కసారిగా 789 మంది డీలర్లను వదులుకుంది. ఆ మరుసటి ఏడాదికి పాంటియాక్ కూడా చరిత్రలో కలిసిపోయింది. ఇలా జరిగిన చోటల్లా ఒక బోర్డు దిగిపోయింది. వాటిలో కొన్ని, తాత దగ్గర్నుంచి మనవడి దాకా ఒకే కుటుంబం నడిపిన షోరూములు. మిగిలిన షోరూములు కూడా ఇప్పుడు చాలావరకు కంపెనీ చెప్పిన ఒకే నమూనాలో ఉంటున్నాయి. ఫొటో చూసి అది ఏ ఊరో చెప్పలేం. పెద్ద కంపెనీల చరిత్ర రాయడానికి చాలామంది ఉన్నారు. చిన్న ఊరి షోరూమ్ గురించి ఎవరు రాస్తారు? మీ బల్ల మీది మోడల్ ఆ పని కొంచెమైనా చేయగలదు.

మీరు చేయాల్సింది పెద్ద పనేం కాదు. కిట్‌లో డీలర్ పేరుంటే, ముందు ఆ షోరూమ్ ఏ ఊళ్లో ఉండేదో తెలుసుకుని అప్పుడు అతికించండి. పేరు లేకపోతే మీ ఊళ్లో ఆ కాలంలో ఆ కార్లు ఎవరు అమ్మేవారో లైబ్రరీలోని పాత పేపర్లలో వెతకండి. దొరికితే చిన్న కాగితం మీద ముద్రించి నంబర్ ప్లేటు చుట్టూ పెట్టండి. ఒక్క జాగ్రత్త: కాలమూ ఊరూ సరిపోవాలి. 1932 ఫోర్డ్ మీద 1969 నాటి షోరూమ్ పేరు పెడితే చరిత్ర తలకిందులవుతుంది.

ఈ వారం మీ ఇంటి కారు వెనక్కి వెళ్లి చూడండి. అమెరికాలో అయితే నంబర్ ప్లేటు ఫ్రేము మీద డీలర్ పేరు ఉండొచ్చు. బ్రిటన్‌లో అయితే ప్లేటు కింది అంచున చిన్న అక్షరాలు చదవండి. హైదరాబాదులోనో విజయవాడలోనో ఉన్న తాతయ్యకు ఫోన్ చేసి, కారు వెనక అద్దం మీద ఏ షోరూమ్ స్టిక్కరు ఉందో అడగండి. ఆ పేర్లన్నీ నోటుపుస్తకంలో తెలుగులో రాయండి. తర్వాత ఈ ప్రశ్నకు ఐదు వాక్యాల్లో జవాబు రాయండి: కారు మీద ఆ పేరు ఉండాలా, వద్దా? నాతో ఒప్పుకోకపోయినా ఫరవాలేదు, కారణం మాత్రం తప్పకుండా రాయాలి.