యూనియన్‌లో చేరిక గురించి కార్మికుల సర్వసభ్య సమావేశ తీర్మానం

అనకాపల్లి జిల్లా పరవాడ ప్రాంతంలోని ఒక బల్క్ డ్రగ్ కర్మాగారంలో పనిచేస్తున్న పర్మనెంట్, ట్రైనీ, కాంట్రాక్టు కార్మికులు వారాంతపు సెలవునాడు ఫ్యాక్టరీ ఆవరణ బయట సమావేశమై మెజారిటీ ఓటుతో ఆమోదించిన తీర్మానం ఇది. నైట్ షిఫ్ట్‌లో ఉన్నవారి ఓట్లు మర్నాడు ఉదయం షిఫ్ట్ మారే వేళ తీసుకుని కలపడమైనది.

ఈ సభ ముందుగా గుర్తించినదేమంటే, సంఘం పెట్టుకోవడం రాజ్యాంగంలోని 19(1)(సి) అధికరణం ఇచ్చిన హక్కు. అది యాజమాన్యం దయతలచి ఇచ్చేది కాదు. అయితే ఆ హక్కులో సమ్మె హక్కు దానంతటదే ఇమిడి లేదని సుప్రీంకోర్టు 1961లోనే చెప్పింది. మొదటి మాట గట్టిగా చెప్పి రెండో మాట మింగేసి సభ్యత్వం అడగడం సభ్యులను మోసగించడమేనని సభ భావిస్తున్నది.

ఈ సభ గమనించినదేమంటే, 2020 నాటి పారిశ్రామిక సంబంధాల కోడ్ 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చి, 1926 ట్రేడ్ యూనియన్ల చట్టం, 1946 స్టాండింగ్ ఆర్డర్ల చట్టం, 1947 పారిశ్రామిక వివాదాల చట్టాల స్థానాన్ని ఆక్రమించింది. కార్మికులలో 51 శాతం మద్దతున్న యూనియన్‌తో యాజమాన్యం చర్చించాలన్న నిబంధన ఇందులో కొత్త. పాత చట్టంలో ప్రజోపయోగ సేవలకే ఉన్న 14 రోజుల సమ్మె నోటీసు ఇప్పుడు ప్రతి సంస్థకూ వర్తించడం కూడా కొత్తే. సగం మంది, అంతకు మించి ఒకేసారి క్యాజువల్ లీవు పెడితే అదీ సమ్మె కిందికే వస్తుంది. కాబట్టి “అందరం ఒకరోజు లీవు పెట్టేద్దాం” అనే పాత ఉపాయాన్ని ఇకమీదట ఉపాయంగా లెక్కించరాదు.

ఈ సభ నమోదు చేస్తున్నదేమంటే, మన పే స్లిప్పులో ఓటీ గడి ఖాళీగా ఉంటోంది. షిఫ్ట్ దాటి పనిచేసిన గంటలకు ఇచ్చే సొమ్ము ‘ఇన్సెంటివ్’ పేరుతో, అదీ మామూలు రేటుకే పడుతోంది. 1948 ఫ్యాక్టరీల చట్టం నాటి నుంచీ ఓవర్‌టైంకు రెట్టింపు రేటు ఇవ్వాలన్న నిబంధన ఉంది. ఈ విషయం విడివిడిగా అడిగిన వారికి హెచ్‌ఆర్ ఆఫీసులో దొరికిన జవాబు ఒకటే: “మిగతా వాళ్లెవరూ అడగలేదు, నీకొక్కడికేనా సమస్య?” ఈ ప్రశ్నకు తగిన జవాబు చెప్పే శక్తి ఒంటరి కార్మికుడికి లేదని సభ అంగీకరిస్తున్నది.

ఈ సభ స్పష్టం చేస్తున్నదేమంటే, యూనియన్ లేకుండా ఏ పనీ జరగదనడం నిజం కాదు. ఉద్యోగం నుంచి తీసేసినప్పుడు కార్మికుడు తన వివాదాన్ని తానే లేవదీయవచ్చు. పీఎఫ్ జమ కాకపోయినా, ఈఎస్ఐ కార్డు రాకపోయినా, గ్రాట్యుటీ ఎగ్గొట్టినా ఒక్కడే వెళ్లి అధికారిని కలవవచ్చు. కానీ జీతం పెంచాలనో, షిఫ్ట్ అలవెన్సు ఇవ్వాలనో, ట్రైనీగా ఎన్నాళ్లు ఉంచుతారో తేల్చాలనో ఒంటరిగా వివాదం నడపడం సాధ్యం కాదు. అవి ఉమ్మడిగా అడగాల్సినవి. ఇరవై మంది, ఆపైన పనిచేసే ప్రతి సంస్థలో ఉండాల్సిన ఫిర్యాదుల పరిష్కార కమిటీయే చాలునన్న వాదనను కూడా సభ ఈ కారణంతోనే అంగీకరించడం లేదు. ఆ కమిటీ ఒక్కొక్కరి ఫిర్యాదు వింటుంది, వేతన ఒప్పందం మీద సంతకం చేయదు.

ఈ సభ విచారంతో గుర్తు చేసుకుంటున్నదేమంటే, 2024 ఆగస్టు 21న మనకు దగ్గరలోని అచ్యుతాపురం సెజ్‌లో జరిగిన ప్రమాదంలో 17 మంది కార్మికులు చనిపోయారు. 2025 జూన్ 30న సంగారెడ్డి జిల్లా పాశమైలారంలో యాభై మందికి పైగా పోయారు. ఆ ప్రమాదాల కారణాలపై ఈ సభ తీర్పు చెప్పబోదు. మన బ్లాకులో మాత్రం సాల్వెంట్ చార్జింగ్ చేసే ఆపరేటర్ ముఖానికి పెట్టుకునే మాస్కు కార్ట్రిడ్జి గడువు దాటినా మారడం లేదు. మార్చమని స్టోర్స్‌కు వెళితే ఇండెంటు సూపర్‌వైజర్ రాయాలంటున్నారు. సూపర్‌వైజర్‌ను అడిగితే ప్రొడక్షన్ టార్గెట్ ఎంతవరకు వచ్చిందని ఎదురు ప్రశ్న వేస్తున్నారు. భద్రతా కమిటీలో కార్మికుల తరఫున కూర్చునేవారిని కార్మికులే ఎన్నుకునే రోజు వస్తే, తక్కిన ప్రయోజనాలేవీ లేకపోయినా, యూనియన్ పెట్టినందుకు ఫలితం దక్కినట్లేనని సభ అభిప్రాయం.

ఈ సభ అంతే స్పష్టంగా యూనియన్ వల్ల కలిగే నష్టాలను నమోదు చేస్తున్నది. మొదటి దెబ్బ ముందుగా సంతకం పెట్టినవాడి మీద పడుతుంది. యూనియన్‌లో చేరినందుకు శిక్షించడం అనుచిత కార్మిక విధానమని చట్టంలో ఉన్న మాట నిజమే. కానీ కార్మికుడికి వచ్చే కాగితం మీద యూనియన్ ఊసే ఉండదు. ఆలస్యంగా వచ్చాడనో, బ్యాచ్ రికార్డులో తప్పు రాశాడనో షోకాజ్ వస్తుంది, చార్జిషీటు వస్తుంది, డొమెస్టిక్ ఎంక్వైరీ జరుగుతుంది. వివాదం ట్రిబ్యునల్‌లో తేలేదాకా ఇల్లు గడవాలి. కాంట్రాక్టు కార్మికుడికి ఆ కాగితం కూడా అక్కర్లేదు, గేట్ పాస్ ఆపేస్తే చాలు.

ఈ సభ దృష్టికి వచ్చిన మరో నష్టం సమ్మె కాలపు జీతం. పదిమంది, ఆపైన కలిసి నోటీసు లేకుండా పని మానేస్తే, రాని రోజుల జీతంతోపాటు ఎనిమిది రోజుల జీతం వరకు కోయడానికి వేతన చట్టం యాజమాన్యానికి వీలు కల్పిస్తోంది. తెలంగాణ ఆర్టీసీలో 2019 అక్టోబర్ 5న మొదలైన సమ్మె యాభై రోజులకు పైగా నడిచింది. ప్రభుత్వంలో విలీనం చేయాలన్న ప్రధాన డిమాండ్ అప్పట్లో తీరలేదు. సమ్మె ముగిశాక యూనియన్లను పక్కనపెట్టి డిపోల్లో సంక్షేమ మండళ్లు పెట్టారు. అంత పెద్ద సంస్థలో, అంత బలమైన సంఘాలకే అలా జరిగింది. 2012 జనవరిలో యానాంలోని ఒక ఫ్యాక్టరీలో కార్మిక వివాదం హింసకు దారితీసి ఇరుపక్కలా ప్రాణాలు పోయాయి, ఫ్యాక్టరీ ఏళ్లపాటు మూతపడింది. ఈ ఉదాహరణలను సభ భయపెట్టడానికి నమోదు చేయడం లేదు. లెక్క చూసుకునే వారి ముందు లెక్క పూర్తిగా ఉండాలన్నదే ఉద్దేశం.

ఈ సభ మరొకటి కూడా గమనించింది. సింగరేణిలో 1990ల ఆరంభంలో అనేక సంఘాల పోటీ మధ్య ఏడాదికి వందల సంఖ్యలో చిన్నా పెద్దా సమ్మెలు జరిగేవి. 1998లో రహస్య ఓటింగ్‌తో గుర్తింపు సంఘాన్ని ఎన్నుకునే పద్ధతి వచ్చాక మాట్లాడాల్సింది ఎవరితోనో యాజమాన్యానికీ, ఎవరిని నిలదీయాలో కార్మికుడికీ తెలిసింది. 2023 డిసెంబర్ 27న కూడా అక్కడ గుర్తింపు సంఘం ఎన్నిక ఓటుతోనే జరిగింది. యూనియన్ ఉండాలా వద్దా అన్న ప్రశ్న కంటే, దాన్ని ఎవరు ఎన్నుకుంటారు, ఎవరు దింపగలరు అన్న ప్రశ్నకే ఈ సభ ఎక్కువ విలువ ఇస్తున్నది. యూనియన్ మీద వచ్చే ఫిర్యాదుల్లో చాలా భాగం ఈ రెండో ప్రశ్నకు జవాబు లేని చోటే పుట్టినవని సభ అభిప్రాయం.

పైన చెప్పిన వాటన్నిటినీ పరిగణించి ఈ సభ తీర్మానించినదేమంటే, ఈ కర్మాగారం కార్మికులు సొంత యూనియన్‌ను నమోదు చేయించుకోవాలి, కార్మికులందరూ అందులో చేరాలని సభ సిఫార్సు చేస్తున్నది. ఏ కేంద్ర కార్మిక సంఘానికి అనుబంధం కావాలన్నది మొదటి ఏడాది ముగిశాక రహస్య ఓటుతో నిర్ణయించుకోవాలి. రిజిస్ట్రేషన్ దరఖాస్తుపై సంతకం చేసే ఏడుగురూ కన్ఫర్మేషన్ అయిన పర్మనెంట్ కార్మికులే కావాలి. ట్రైనీ చేత గానీ, కాంట్రాక్టు కార్మికుడి చేత గానీ ఆ సంతకం చేయించరాదు. సభ్యత్వం, ఓటు, చందా మాత్రం అందరికీ ఒకటే.

ఈ సభ తీర్మానించినదేమంటే, చందా నెలకు 50 రూపాయలు, రశీదు లేనిదే తీసుకోరాదు. జీతంలోంచే చందా కోయించే పద్ధతి సౌకర్యంగానే ఉంటుంది, సభ్యత్వ బలాన్ని చూపడానికీ పనికొస్తుంది. కానీ దానితో సభ్యుల జాబితా మొదటి నెలలోనే హెచ్‌ఆర్ చేతికి చేరుతుంది. అందువల్ల తొలి ఏడాది చేతిచందాయే ఉండాలి. చందాలో నాలుగో వంతు సస్పెండైన, తొలగించిన సభ్యుల కుటుంబాల నిధికి వెళ్లాలి. దాన్ని సభలకు, బ్యానర్లకు, సన్మానాలకు తీయరాదు. (శాలువాలను కూడా ఈ పద్దులో చేర్చమని ఒక సభ్యుడు కోరగా, సభ నవ్వుతూనే చేర్చింది.) రాజకీయ నిధి పెట్టరాదు. ఆదాయ వ్యయాల పట్టిక మూడు నెలలకోసారి సభ్యులందరికీ అందాలి.

ఈ సభ తీర్మానించినదేమంటే, బయటి వ్యక్తులకు బాధ్యుల పదవుల్లో మూడో వంతు వరకు, అయిదుగురికి మించకుండా, చట్టం చోటిచ్చినా ఈ యూనియన్ ఒక్కరికే ఇస్తుంది. ఆ వ్యక్తి గౌరవాధ్యక్షుడుగా ఉండి చట్టం చెప్పాలి, చర్చల్లో కూర్చోవాలి. ఒప్పందం మీద ఒప్పుకోలు మాత్రం సభ్యుల ఓటుతోనే జరగాలి. ప్రధాన కార్యదర్శి, కోశాధికారి పదవుల్లో ఎవరూ వరుసగా రెండుసార్లకు మించి ఉండరాదు.

ఈ సభ తీర్మానించినదేమంటే, సభ్యులలో మూడింట రెండు వంతుల మంది రహస్య ఓటుతో ఒప్పుకోనిదే సమ్మె నోటీసు ఇవ్వరాదు. సమ్మె మొదలైన రోజున కూడా రియాక్టర్‌లో బ్యాచ్ నడుస్తుండగా ఏ ఆపరేటరూ పని వదిలి రారాదు. బ్యాచ్ చల్లార్చి, సాల్వెంట్ లైన్లు మూసి, లాగ్ పుస్తకంలో రాసి బయటికి రావాలి. ఈ నిబంధనను ఎవరి కోపం కోసమూ సడలించరాదు.

ఈ సభ తీర్మానించినదేమంటే, యూనియన్‌లో చేరనివారిని వేరుచేసి చూడరాదు. సయోధ్య అధికారి సమక్షంలో కుదిరిన ఒప్పందం సభ్యులు కానివారికీ వర్తిస్తుంది, చందా కట్టనివాడికీ పెరిగిన జీతం వస్తుంది. దీనిపై సభ్యుల కడుపుమంట సహజమే. అయినా బలవంతంగా చేర్పించడం యూనియన్ వైపు నుంచి జరిగితే అది కూడా అనుచిత కార్మిక విధానమేనని చట్టం చెబుతోంది. క్యాంటీన్‌లో పలకరింపులు మానేయడం, వాట్సాప్ గ్రూపుల్లో పేర్లు పెట్టి వెక్కిరించడం, ఇంటిదాకా వెళ్లి ఇంట్లోవారితో మాట్లాడటం ఈ సభ నిషేధిస్తున్నది. ఇంటి మీద అప్పు ఉన్నవాడు, కన్ఫర్మేషన్ రానివాడు, వీసా ప్రయత్నంలో ఉన్నవాడు ఆగి చూడాలనుకోవచ్చు. అతన్ని కారణం అడగరాదు.

ఈ సభ వ్యతిరేక ఓటు వేసిన సభ్యుల అభిప్రాయాన్ని వారి మాటల్లోనే తీర్మానానికి జతచేయాలని ఆదేశిస్తున్నది. కమిటీల ద్వారానే మరో ఏడాది ప్రయత్నించి చూద్దామన్నది వారి వాదన సారాంశం. ఆ కమిటీలకు ఎన్నికలు జరగనందున సభ ఆ వాదనను తిరస్కరించింది.

ఈ సభ చివరగా తీర్మానించినదేమంటే, మొదటి ఎన్నికల వరకు పనిచేసే తాత్కాలిక కమిటీ యూనియన్ నియమావళి ముసాయిదాను తెలుగులో తయారుచేసి, ఒడియా, హిందీ మాట్లాడే కాంట్రాక్టు కార్మికులకు వారి భాషలో చదివి వినిపించాలి. ఈ తీర్మానం నకలును రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ చేతికి వచ్చాకే యాజమాన్యానికి, డిప్యూటీ లేబర్ కమిషనర్ కార్యాలయానికి పంపాలి, అంతవరకు గేటు దగ్గర అంటించరాదు. మొదటి ఎన్నికలు ముగిసిన రోజే తాత్కాలిక కమిటీ రద్దవుతుంది. దాని సభ్యులెవరూ ఆ ఎన్నికల నిర్వహణలో పాల్గొనరాదు.