చెవిని వదిలేసిన మెచ్చుకోలు

బొమ్మ గీసి చూపించిన కుర్రాడికి మంచిమాట చెప్పాలి గానీ వంకలు పెట్టకూడదన్నది ఇప్పుడు అందరూ ఒప్పేసుకున్న మర్యాద. పదవీ విరమణ సభకో, పెళ్లిరోజుకో, పోయిన తాతగారి సంవత్సరీకానికో టాబ్లెట్ మీద ముఖచిత్రం గీయించి, ప్రింటు తీయించి, ఫ్రేము కట్టించి ఇవ్వడం ఆమదాలవలస లాంటి ఊళ్లకూ అలవాటైపోయింది. ఆ బొమ్మ చూసినవాళ్లు ‘సూపర్’ అంటారు, ‘అదిరింది తమ్ముడూ’ అంటారు, ‘అచ్చం మాస్టారే’ అంటారు. కాస్త కళ తెలిసినవాళ్లయితే ఇంకో ముక్క కలుపుతారు: ‘ముఖం బ్రహ్మాండం, జుట్టూ చెవులూ కొంచెం చూసుకో.’ ఈ చివరి ముక్క విమర్శలా వినిపిస్తుంది గానీ విమర్శ కాదు. ఏం చూసుకోవాలో అందులో లేదు. పైగా ఓ పెద్ద పొరపాటును అది చల్లగా జారవిడుస్తుంది: ముఖమంటే కళ్లు, ముక్కు, నోరు, జుట్టూ చెవులూ చివర్లో సర్దుకోదగ్గ చిల్లర అని. నా వాదన దీనికి పూర్తిగా ఎదురు. ముఖచిత్రం మీద పనికొచ్చే మాట చెప్పదలిస్తే ఆ మాట జుట్టు దగ్గర, చెవుల దగ్గరే మొదలవ్వాలి. గీసినవాడు ఎదుటి మనిషిని చూసి గీశాడో, తన తలలో ఉన్న అచ్చును దించేశాడో తేలేది అక్కడే.

ఈ సంగతి కనిపెట్టి నూటయాభై ఏళ్లు దాటింది. ఇటలీకి చెందిన జొవాన్ని మొరెల్లి 1874-76 మధ్య ఇవాన్ లెర్మోలియెఫ్ అనే మారుపేరుతో జర్మన్ భాషలో వరసగా వ్యాసాలు రాశాడు. ఒక పాత చిత్రం ఫలానా చిత్రకారుడిదేనా, నకలా అని తేల్చడానికి చూపులనూ చిరునవ్వులనూ నమ్ముకోవద్దన్నాడు. అవి అందరి కళ్లూ పడే చోట్లు కాబట్టి నకలు తీసేవాడు కూడా అక్కడ ఒళ్లు దగ్గర పెట్టుకుంటాడు. చెవి తమ్మె, వేలి గోరు లాంటి చోట్ల చెయ్యి తన అలవాటుకొద్దీ పోతుంది, పట్టుకోవలసింది అక్కడేనన్నాడు. మైకెలాంజెలో చెక్కిన మోషే విగ్రహం మీద 1914లో వ్యాసం రాస్తూ ఫ్రాయిడ్ అంతటివాడు ఈ పద్ధతిని తలుచుకున్నాడు. మొరెల్లిది మరీ యాంత్రికమైన పద్ధతని తర్వాతివాళ్లు తప్పుపట్టారు, అందులో నిజం లేకపోలేదు. చెవులు లెక్కబెట్టి చిత్రకారుడి ప్రతిభను తేల్చలేం. కానీ శ్రద్ధ సడలిన చోట అలవాటు బయటపడుతుందన్న ఆయన గమనింపును తేలిగ్గా కాదనలేం. నేర్చుకునేవాడికి తెలియాల్సింది సరిగ్గా అదే. కళ్ల దగ్గర వాడు గంటల తరబడి కూర్చున్నాడు, అక్కడి లోటుపాట్లు మనం చెప్పక ముందే వాడికి తెలుసు. చెవి దగ్గర రెండు నిమిషాలు గడిపి ముందుకెళ్లిపోయాడు, అక్కడ తప్పుందన్న అనుమానం కూడా వాడికి లేదు. వాడికి కనిపించేదాన్నే మళ్లీ వాడికి చూపిస్తే ఒరిగేదేముంది?

అయితే ‘చెవి బాగోలేదు’ అన్నా సాయం చేసినట్టు కాదు. అది తీర్పు. తీర్పు విన్నవాడు సంతోషించడమో ఏడవడమో తప్ప చేయగలిగింది లేదు. చెవికి కొలతలున్నాయి, వాటితో మాట్లాడాలి. నిటారుగా మనవైపు చూస్తున్న ముఖంలో చెవి పైఅంచు దాదాపు కనుబొమ్మల ఎత్తులో, తమ్మె దాదాపు ముక్కు అడుగు ఎత్తులో ఉంటాయి. తల పైకెత్తితే చెవులు కిందికి దిగినట్టు, తల దించితే పైకెక్కినట్టు కనిపిస్తాయి. పక్కనుంచి చూస్తే చెవి దవడ ఎముక వెనక, కాస్త వెనక్కి వాలి ఉంటుంది. లోపల గజిబిజిగా తోచే మడతలకూ ఒక క్రమముంది: బయటి అంచు చుట్టూ తిరిగొచ్చి చెవి గుంటలోకి దిగుతుంది, లోపలి మడత పైకి పోయి రెండు పాయలుగా చీలుతుంది, రంధ్రం ముందు చిన్న బుడిపె కాపలా కాస్తుంది. వయసు సంగతి మరొకటి. జేమ్స్ హీత్‌కోట్ అనే బ్రిటిష్ వైద్యుడు ముప్పై దాటిన 206 మంది చెవులు కొలిపించి, వయసుతోపాటు చెవి ఏడాదికి సగటున 0.22 మిల్లీమీటర్ల చొప్పున సాగుతుందని 1995లో ప్రకటించాడు. ముప్పై ఏళ్లకు ఆరు మిల్లీమీటర్ల పైమాటే. పదవీ విరమణ చేస్తున్న మాస్టారి ముఖాన ముడతలన్నీ పెట్టి, పాతికేళ్ల కుర్రాడి చెవులు తగిలిస్తే బొమ్మలో ఏదో తేడా కొట్టడం అందుకే. ‘మాస్టారి తమ్మె ఇంకాస్త కిందికి సాగాలి, ఎడమ చెవి కనుబొమ్మ దాటి పైకి పోయింది’ అన్నది సూచన. ఆ మాట విన్న మరుక్షణం స్టైలస్ ఎక్కడ ఆనించాలో వాడికి తెలుస్తుంది.

జుట్టు విషయంలో జరిగే తప్పు దీనికి తలకిందులు. చెవికి శ్రద్ధ చాలదు, జుట్టుకు శ్రద్ధ ఎక్కువై చెడుతుంది. తెరమీద బొమ్మను నాలుగింతలు పెద్దది చేసి ఒక్కొక్క వెంట్రుకా గీస్తూ పోతారు. తిరిగి మామూలు సైజులో చూస్తే తల మీద ఇనప తీగలు పరిచినట్టుంటుంది. చూసేవాళ్లు ఆ ఓపికకే చేతులెత్తి దండం పెడతారు: ‘ఎన్ని వెంట్రుకలు గీశాడో!’ ఇక్కడ మెచ్చుకోలు నేరుగా తప్పును పెంచుతోంది. మనకు మనిషి తలమీద కనిపించేది జుట్టు, వెంట్రుకలు కావు. ముందు పుర్రె గుండ్రదనం, దాని మీద జుట్టు దట్టం, అందులో పాయలు, పాయల్లో వెలుగు నీడలు, ఆఖరున అంచుల్లో ఎగిరే నాలుగు ముంగురులు. కొబ్బరినూనె రాసి దువ్విన మన తలల మీద వెలుగు తునకలు తునకలుగా పడదు, పుర్రె వంపును చుట్టుకుని పట్టీలా మెరుస్తుంది. జుట్టును వేరే లేయర్ మీద గీసి నుదుటి దగ్గర అంచు గట్టిగా వదిలేస్తే టోపీ పెట్టినట్టుంటుంది. నుదుటి రంగు, జుట్టు రంగు అక్కడ కొద్దిగా కలవాలి. ఆమదాలవలస పక్కనే పొందూరు ఉంది. అక్కడ సన్ననూలు కోసం దూదిని వాలుగ చేప దవడతో దువ్వుతారు. ఆ పనిలో తప్పు దొర్లితే ‘నూలు బాగోలేదు’ అని ఊరుకుంటే పని సాగదు. ఏకు తీరు చెడిందా, పురి చాలలేదా, పోగు ఎక్కడ లావెక్కింది అన్నది చెప్పాలి. ఖద్దరు పోగుకు ఇచ్చే గౌరవం బొమ్మలోని జుట్టు పాయకు ఎందుకివ్వం?

ఇక్కడ మొదటి అభ్యంతరం ఎదురవుతుంది. చెప్పేవాడు గీయగలడా? గీయలేనివాడికి వంక పెట్టే హక్కెక్కడిది? ఈ ప్రశ్న కళ్ల విషయంలో కొంత చెల్లుతుందేమో గానీ, జుట్టూ చెవుల దగ్గర అసలు చెల్లదు. ఎందుకంటే వీటికి ఊళ్లో చిత్రకారుణ్ని మించిన నిపుణులున్నారు. నడినెత్తిన సుడి ఎటు తిరుగుతుందో, చెవి వెనక జుట్టు ఎక్కడ ఆగుతుందో సెలూన్‌లో కత్తెర పట్టినవాడికి తెలుసు. దుద్దు బరువుకు తమ్మె ఎంత సాగుతుందో, చెవి ఏ వాటంలో కుట్టాలో కంసాలికి తెలుసు. మూడు పాయల జడ మెడ దగ్గర ఎలా మొదలవుతుందో మనవరాలికి రోజూ జడ వేసే అమ్మమ్మకు తెలుసు. డిజిటల్ బొమ్మల్లో జడ తరచుగా చెడేది ఆ మొదలు దగ్గరే: తాడు తెచ్చి అతికించినట్టుంటుంది. ‘ఇదేటి బాబూ, జడ మెడలోంచి మొలిచింది?’ అని ఓ ముసలమ్మ అడిగితే అది వెక్కిరింత అనుకోకూడదు. అంత కచ్చితమైన సూచన ఆ బొమ్మకు మరొకటి దొరకదు.

రెండో అభ్యంతరం బలమైనది, మంచి మనసుతో వచ్చేది. కొత్తగా గీస్తున్నవాడి తప్పులెన్నితే స్టైలస్ పక్కన పడేస్తాడు, అందుకే మెచ్చుకోవాలి అంటారు. మాటలు మనుషుల్ని కుంగదీస్తాయన్నది నిజమే. అవ్రహాం క్లూగర్, ఏంజెలో డెనిసి 1996లో ఈ విషయం మీద అప్పటిదాకా జరిగిన పరిశోధనల ఫలితాలు 607 పోగేసి చూశారు. పనిమీద ఇచ్చిన స్పందన సగటున మేలే చేసింది, కానీ మూడో వంతుకు పైగా సందర్భాల్లో పనిని ఇంకా దిగజార్చింది. ఎందుకని? వాళ్లిచ్చిన వివరణ ఇది: మాట పనిని వదిలి మనిషి మీదికి మళ్లినకొద్దీ దాని ఫలం తగ్గిపోతుంది. ఈ వివరణ తిట్టుకెంత వర్తిస్తుందో పొగడ్తకూ అంతే వర్తిస్తుంది. ‘నీకు బొమ్మలు రావు’ అన్నదీ, ‘నువ్వు పుట్టు ఆర్టిస్టువి’ అన్నదీ ఒకే తానులో ముక్కలు. రెండూ కుర్రాడి గురించి మాట్లాడుతున్నాయి, బొమ్మను వదిలేశాయి. చెవి గురించి మాట్లాడడంలో ఉన్న మర్యాద ఇదే. ‘కుడి చెవి దవడ మీదికి వచ్చింది, వేలెడు వెనక్కి జరుపు’ అన్నప్పుడు అక్కడ కుర్రాడి యోగ్యత ఊసే లేదు, చెవి ఒక్కటే ఉంది. జరిపితే కుదురుతుంది. కుదిరిందని వాడి కళ్లకే కనిపిస్తుంది. ఆ కనిపించడాన్ని మించిన ప్రోత్సాహం ఏ ‘సూపర్’లో ఉంది? బాగున్నది చెప్పొద్దని కాదు. బాగున్నదాన్నీ అంత కచ్చితంగానే చెప్పాలి: ‘పాపిట దగ్గర మాడు రంగు కనిపించేలా వదిలావు, అది కుదిరింది.’ అప్పుడు రేపటి బొమ్మలోనూ వాడు దాన్ని కావాలని చేయగలడు.

మూడోది ‘అది నా శైలి’ అన్న జవాబు. చెవి సున్నాలా ఉందంటే శైలి, జుట్టు మూకుడులా ఉందంటే శైలి. శైలికి నేను శత్రువును కాను. వంశధార ఒడ్డున శాలిహుండంలోనూ వెలసిన బౌద్ధ సంప్రదాయం బుద్ధుడికి భుజాల వైపు జారే బారు చెవులు పెట్టింది. అలాంటి చెవులు మామూలుగా మనుషులకు ఉండవు. శ్రీకాకుళంలో 1921లో పుట్టిన వడ్డాది పాపయ్య గీసిన స్త్రీల కొప్పులు ఏ అద్దంలోనూ కనిపించవు. బాపు ఆడపిల్లల వాలుజడ ఒక్క కుంచె విసురు, అందులో వెంట్రుకల లెక్క లేదు. కానీ ఆ విసురు పుర్రె వంపును తప్పదు, జడ మొదలు తప్పదు. తెలిసి వదలడం శైలి, తెలియక వదలడం లోపం. ఈ రెంటినీ విడదీయడానికి ఒక్క ప్రశ్న చాలు: ‘ఈ చెవిని ఇలా ఎందుకు గీశావు?’ కారణం చెప్పగలిగితే సూచన వెనక్కి తీసుకోవచ్చు. అలా కాక ముఖచిత్రాల్లో ఆడవాళ్లందరి చెవులనూ జుట్టు కప్పేసి, మగవాళ్లందరికీ ఒకే చెవి తగిలించి ఉంటే అది శైలి కాదు, తప్పించుకోవడం.

ఇక జుట్టు బ్రష్షులూ, ఒక పక్క గీస్తే రెండో పక్క దానంతటదే పడే సిమెట్రీ సాధనాలూ ఉండగా ఇంత గొడవెందుకనేవాళ్లున్నారు. ఆ సాధనాల వల్లనే ఈ గొడవ. ఎవరి రెండు చెవులూ అచ్చంగా ఒక్కలా ఉండవు. పైగా తల ఏమాత్రం పక్కకు తిరిగినా ఒక చెవి విచ్చుకుంటుంది, రెండోది ముడుచుకుంటుంది. బ్రష్ వెంట్రుకలు ఇస్తుంది గానీ అవి ఎటు వాలాలో చెప్పదు. అయితే అదే తెర విమర్శకుడికీ రెండు మంచి పనిముట్లు ఇచ్చింది: బొమ్మను అద్దంలోలా తిప్పి చూడడం, బొటనవేలి గోరంత చిన్నది చేసి చూడడం. తిప్పితే ఒరిగిన చెవి బయటపడుతుంది, చిన్నది చేస్తే తీగల జుట్టు బయటపడుతుంది. సూచన ఇచ్చేవాళ్లు ఆ రెండూ చేసి అప్పుడు నోరు తెరవాలి.

పోయినవాళ్ల బొమ్మ గీయించుకున్న ఇంట్లో ఈ వాదనంతా మరో రకంగా తేలుతుంది. ఫ్రేము ముందు నిలబడి ఇంటివాళ్లు కళ్లూ నవ్వూ చూసి ‘అచ్చం నాన్నే’ అంటారు. నాన్న చెవి పైఅంచున చిన్న సొట్ట ఉండేదని, కుడి కణత దగ్గర జుట్టు ఎప్పుడూ లేచి ఉండేదని తెలిసిన భార్య ఏమీ అనదు. గీసిన కుర్రాడు బాధపడతాడేమోనని ఊరుకుంటుంది. ఆ మాట ఆవిడ అనేలా చేయగలిగితే కుర్రాడికి పది నిమిషాల పని పెరుగుతుంది, ఆవిడకు తన మనిషి కనిపిస్తాడు.