ఆ గాజు తెర పీకెయ్

2025లో యాపిల్ లిక్విడ్ గ్లాస్ డిజైన్ తెచ్చాక గాజు పూనకం మళ్లీ ముదిరింది. కార్డు గాజు, మెనూ గాజు, చివరికి బిల్లు కట్టే బటన్ కూడా గాజే! డిజైనర్ "ప్రీమియం లుక్" అంటాడు. ప్రోగ్రామర్ ఫ్లట్టర్‌లో, వెనకున్నదాన్ని మసకబార్చే బ్యాక్‌డ్రాప్‌ఫిల్టర్ తగిలించి, తన ఖరీదైన ఫోన్‌లో ఒక్కసారి నడిపి చూసి, పనైపోయిందంటాడు.

లెక్క చూశావా నాయనా? 1080 బై 2400 తెర అంటే దాదాపు 26 లక్షల పిక్సెళ్లు. మసక కోసం ఒక్కో పిక్సెల్‌కీ చుట్టూ 21 అడ్డం, 21 నిలువు చదవాలంటే 441 సార్లు. మొత్తం 114 కోట్లు. ఒక్క ఫ్రేముకి! సెకనుకి 60 ఫ్రేములంటే దొరికే టైము 16.7 మిల్లీసెకన్లు, మిగతా తెర గీయడం కూడా అందులోనే. గాసియన్ బ్లర్‌ని అడ్డంగా ఓసారి, నిలువుగా ఓసారి విడగొడితే 441 కాస్తా 42కి దిగుతుంది. ఇలాంటి కిటుకులు ఫ్రేమ్‌వర్కులకూ తెలుసు. కానీ నువ్వు క్లిప్ పెట్టడం మరిచిపోతే, నీ కార్డు బెత్తెడే అయినా ఫిల్టర్ తెరంతా పాకుతుంది. దాన్ని తీసుకెళ్లి స్క్రోలయ్యే లిస్టులో వరసకొకటి అతికిస్తావా?

ఇదేమీ కొత్త రోగం కాదు. డెస్క్‌టాప్ యాప్‌ల ఫ్రేమ్‌వర్క్ డబ్ల్యూపీఎఫ్ తొలిరోజుల్లో, మసక లాంటివి చేసే బిట్‌మ్యాప్‌ఎఫెక్ట్ సీపీయూ మీద పడి విండోల ఊపిరి తీసింది. 2008లో డాట్‌నెట్ 3.5 సర్వీస్ ప్యాక్ 1తో షేడర్‌ఎఫెక్ట్ వచ్చింది: హెచ్‌ఎల్‌ఎస్‌ఎల్‌లో సొంత పిక్సెల్ షేడర్ రాసుకో, పని జీపీయూ చేస్తుంది. ఇప్పుడు ఆండ్రాయిడ్ 13 నుంచి ఏజీఎస్‌ఎల్ అనే షేడర్ భాష ఉంది, ఫ్లట్టర్‌లోనూ ఫ్రాగ్మెంట్ షేడర్లున్నాయి. పది లైన్లు సొంతంగా రాస్తే ఎన్నిసార్లు చదువుతున్నావో నీ కళ్లముందే ఉంటుంది. రాసేవాడేడీ? ఎవడో చేసిన ప్యాకేజీ దించుకుని, లోపలేముందో తొంగి కూడా చూడరు!

ఇక ఆండ్రాయిడ్ యూఐ టూల్‌కిట్ కంపోజ్‌లో బ్లర్ ఆండ్రాయిడ్ 12 కంటే పాత ఫోన్లలో అసలు పనిచేయదు. ఎర్రరూ రాదు. మసకను నమ్ముకుని ఫొటో మీద పేర్చిన తెల్ల అక్షరాలు అక్కడ ఫొటోలోనే కలిసిపోతాయి. ఆ ఫోన్ వాడే మనిషి రేటు చదవలేక కళ్లు చికిలించుకుంటుంటే, నువ్వేమో డెమోలో చప్పట్లు కొట్టించుకుంటున్నావు.

ఆఫీసులో అందరికంటే చవక ఫోన్ వెతుకు. ఫ్లట్టర్ ప్రొఫైల్ మోడ్‌లో పర్ఫార్మెన్స్ ఓవర్‌లే పెట్టి స్క్రోల్ చెయ్యి. రాస్టర్ గ్రాఫులో ఎర్రగీతలు లేచాయా, ఆ గాజు పీకెయ్. డిజైనర్ గొడవకొస్తే అదే ఫోన్ చేతికిచ్చి, వారంపాటు దాంతోనే బిల్లులు కట్టమను.