కురిసే కప్పు కింద కొత్త వంటగది

ఇల్లు అమ్ముదామని అనుకోగానే చాలామంది ముందుగా పిలిచేది ఇంటీరియర్ వాళ్లను. హాల్లో ఫాల్స్ సీలింగ్, వంటింట్లో మాడ్యులర్ అరలు, టీవీ వెనక చెక్క పలకలు. ‘ఐదు లక్షలు పెడితే పది లక్షలు ఎక్కువ పలుకుతుంది’ అని ఎవరో అంటారు, ఇంటిల్లిపాదీ నమ్ముతారు. పదిహేను, ఇరవై ఏళ్లు నిండిన ఇంటికి ఆ లెక్క కుదరదని నా గట్టి అభిప్రాయం. అమ్మే ముందు డబ్బు పెట్టాల్సింది మొదట డాబా మీద, తర్వాత బాత్‌రూమ్ గొట్టాల మీద, ఆ తర్వాత కాగితాల మీద. ఇంకా మిగిలితే గోడలకు రంగులు.

పోయిన వానాకాలం మా చెల్లెలి కోసం హైదరాబాద్‌లో ఒక పాత ఫ్లాట్ చూడటానికి వెళ్లాం. వంటగది సరికొత్తగా మెరుస్తోంది. వెంట తీసుకెళ్లిన తాపీమేస్త్రీ మాత్రం అటు తొంగి కూడా చూడకుండా నేరుగా పడకగదిలోకి నడిచాడు. బాత్‌రూమ్‌ను ఆనుకున్న గోడకు అరచెయ్యి ఆనించి కాసేపు ఉంచాడు. గోటితో గీరితే కొత్త పుట్టీ పొరలా లేచి వచ్చింది. దాని కింద తెల్లగా ఉప్పు తేలిన ఇటుక. అల్మరా తలుపు తీస్తే ముక్క వాసన గుప్పుమంది. ఆ తర్వాత ధర గురించి మాటే రాలేదు. గోడ విషయం దాచినవాళ్లు ఇంకేం దాచారోనన్న అనుమానం ఒకసారి పుట్టాక, ఎంత మంచి వంటగదీ దాన్ని పోగొట్టలేదు.

నీటిని చిన్నచూపు చూడకూడదు. డాబా మీద వెంట్రుకంత పగులులోంచి దిగిన చెమ్మ స్లాబులోని ఇనుపచువ్వను తాకుతుంది. తుప్పు పట్టిన ఇనుము అసలు ఇనుముకంటే కొన్ని రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. లోపల్నుంచి ఉబ్బి కాంక్రీటును నెట్టేస్తుంది. సన్‌షేడ్ల కింద పెచ్చులు ఊడి చువ్వలు బయటపడేది అందుకే. ఎండాకాలంలో పగుళ్లు పూడ్చి, వాటం సరిచేసి, వాటర్‌ప్రూఫింగ్ చేయిస్తే తీరిపోయే పని, నాలుగు వానాకాలాలు ఆగితే స్లాబు దాకా వస్తుంది. దాని కింద ఫాల్స్ సీలింగ్ బిగిస్తే నష్టం ఆగదు, కంటికి కనిపించకుండా పోతుంది, అంతే.

ఇది నీతికి మాత్రమే సంబంధించిన విషయం కాదు. ఆస్తి బదిలీ చట్టం 1882లోని 55వ సెక్షన్ ప్రకారం, తనకు తెలిసిన ముఖ్యమైన లోపం మామూలు జాగ్రత్తతో చూసినా కొనేవారికి దొరకనిదైతే, దాన్ని చెప్పాల్సిన బాధ్యత అమ్మేవారిదే. చెప్పకపోతే మోసం కిందకే వస్తుంది. కొత్త ఫ్లాటులో నిర్మాణ లోపం బయటపడితే రెరా చట్టం కింద ఐదేళ్ల దాకా బిల్డరును నిలదీయవచ్చు. పాత ఇల్లు కొన్న కుటుంబానికి ఆ అండ లేదు. అప్పు చేసి కొని, మొదటి వానకే బకెట్లు పెట్టుకునే వాళ్ల అవస్థ అమ్మినవాళ్లు ఒక్కసారి ఊహించుకోవాలి.

పోనీ, హంగుల ఖర్చయినా తిరిగి వస్తుందా? బ్యాంకు పంపే వాల్యుయర్ స్థలం, కట్టడం వైశాల్యం, ఇంటి వయసు, మంజూరైన ప్లాను చూస్తాడు. అల్మరాల ఖరీదుకు లోను రావడం అరుదు. ఆ తేడా కొనేవారు చేతినుంచి పెట్టుకోవాలి. పైగా మన దగ్గర వాస్తు ఉంది. పొయ్యి ఆగ్నేయంలో లేదని మీరు మోజుపడి వేయించిన గ్రానైటు గట్టును కొన్నవాళ్లు గృహప్రవేశానికి ముందే పగలగొట్టవచ్చు. అనుమతి లేకుండా డాబా మీద వేసిన గదైతే ఇంకా చేటు. ప్లానులో లేని ఆ గదే లోనుకు అడ్డం పడుతుంది.

‘ఇంటికి చేర్చిన కట్టడాల ఖర్చు పన్ను లెక్కలో తీసేయవచ్చు, రిపేర్ల ఖర్చు కుదరదు కదా’ అంటారు కొందరు. నిజమే. కానీ 2024 జూలై 23 నుంచి దీర్ఘకాలిక మూలధన లాభంపై పన్ను సాధారణంగా 12.5 శాతం. లక్ష రూపాయల ఖర్చు చూపితే ఆ రేటున మిగిలేది సుమారు 12,500. మిగతాది కొనేవారు ఇస్తేనే వస్తుంది.

ఒక్క సందర్భంలో నా వాదన చెల్లదు. హైదరాబాద్‌లోని హిమాయత్‌నగర్, మారేడ్‌పల్లి లాంటి పాత కాలనీల్లో విడి ఇంటిని స్థలం కోసమే అడిగే బిల్డరుకు కప్పు కురిసినా ఒకటే, కురవకపోయినా ఒకటే. అక్కడ రూపాయి కూడా పెట్టనక్కర్లేదు. కాపురం ఉండటానికి కొనేవాళ్ల సంగతే వేరు.

ఇల్లు అమ్మే ఆలోచనలో ఉన్నవారికి ఒక విన్నపం. ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), లింకు డాక్యుమెంట్లు, ఇంటిపన్ను రసీదులు ఒకచోట పెట్టుకోండి. ఇంటీరియర్ వాళ్లకు ఫోన్ చేసే ముందు మేస్త్రీని వెంటబెట్టుకుని డాబా ఎక్కండి. రిపేరు చేయించిన బిల్లులు దాచి, వచ్చినవారికి చూపించండి. బాగుచేయించలేని లోపం ఉంటే నోటితో చెప్పి, ఆ మేరకు ధర తగ్గించండి.