టీకా మనది, ముద్ర వాళ్లది
హైదరాబాద్ శివారు యాప్రాల్‌లో ఏ కాలనీకి వెళ్లినా పిల్లలు అమెరికాలో, పెద్దవాళ్లు ఇక్కడ. అందుకే కొవిడ్ నాటి ప్రయాణ నిబంధనలు ఇక్కడ ఇంటింటి సమస్య అయ్యాయి. 2021 మే నుంచి మనవాళ్లను ఆపేసిన అమెరికా నవంబరు 8న తలుపు తీసింది, తాను ఒప్పుకున్న టీకా వేయించుకుంటేనే అన్న షరతుతో. కొవాగ్జిన్‌కు అందుకు అవసరమైన ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదం దక్కింది అంతకు 5 రోజుల ముందే. కూతురి పురుటికి బయల్దేరాల్సిన తల్లి అప్పటిదాకా ఆవకాయ సీసాకు టేపు చుట్టి, కొవిన్ టీకా సర్టిఫికెట్‌కు పాస్‌పోర్టు నంబరు జత చేయించుకుని, వార్తలు చూస్తూ కూర్చోవాల్సిందే. ఆ టీకా తయారైందేమో శామీర్‌పేట దాటితే వచ్చే జీనోమ్ వ్యాలీలో! కొవిషీల్డ్ కథ ఇంకా విచిత్రం. అది బ్రిటన్‌లో రూపొందిన టీకాయే. అయినా మన సర్టిఫికెట్‌ను బ్రిటన్ ఒప్పుకోలేదు. బదులుగా అక్టోబరు 4 నుంచి మనం బ్రిటన్ పౌరులకు 10 రోజుల క్వారంటైన్ పెట్టాం. 11 నుంచి వాళ్లు మనకు క్వారంటైన్ సడలించారు. ఆ వారంలో వైరస్ మారలేదు, బేరం మారింది. కట్టడి వద్దని ఎవరూ అనరు. కానీ ఏ టీకా, ఏ సర్టిఫికెట్ చెల్లుతుందో దేశాలు ముందే ఒప్పందం రాసుకోవాలి, ప్రతి నిబంధనకూ గడువు తేదీ పెట్టాలి. విదేశాల నుంచి వచ్చేవాళ్లు నింపాల్సిన మన ఎయిర్ సువిధ ఫారం 2022 నవంబరు దాకా నడిచింది. పెట్టడంలో ఉన్న హడావుడి తీసేయడంలో ఏ ప్రభుత్వానికీ ఉండదు.