ఆరు గంటలకు ఆమె ఎక్కడుంది?

పొద్దున్నే విశాఖ ఆర్కే బీచ్ రోడ్డు మీదా, హైదరాబాద్ కేబీఆర్ పార్కు చుట్టూ నడిచేవాళ్లను చూస్తే సంతోషంగా ఉంటుంది. అదే వేళకు మన వంటిళ్లలో ఏం జరుగుతోందో కూడా చూడాలి. ఒక పొయ్యి మీద కుక్కరు, రెండో పొయ్యి మీద పెనం, మిక్సీలో పచ్చడి, గట్టు మీద వరసగా లంచ్ బాక్సులు, వీధి చివర స్కూలు బస్సు హారన్. నడకకు మంచిదని డాక్టర్లు చెప్పే ఆ చల్లటి పూటే ఇల్లాలికి ఊపిరి సలపని పూట. "నువ్వూ వాకింగ్‌కి వెళ్లొచ్చు కదా" అని భార్యతో అనే ముందు, బాక్సులు కట్టే పని భర్త అందుకోవాలి. అందుకోకపోతే ఆ మాటకు అర్థం లేదు.

బరువు తగ్గడాన్ని మనం ఎవరికి వారి పట్టుదలగా చూస్తున్నాం. నా లెక్కలో అది ఇంటిల్లిపాదికీ సంబంధించిన పని. ఇంట్లో తీరిక ఎవరికి దొరుకుతోంది, ఎవరి కంచంలో ఏం పడుతోంది అన్నది తేలకుండా ఎన్ని డైట్లు మార్చినా ఫలితం నిలవదు. 2018 ప్రాంతంలో కొబ్బరినూనె, నిమ్మకాయల డైట్ తెలుగు ఇళ్లను ఊపేసినప్పుడు ఎంతోమంది ఆడవాళ్లు ఆయనకో వంట, పిల్లలకో వంట చేశారు. తమకంటూ వాళ్లు ఏం వండుకున్నారో ఎవరూ అడగలేదు.

2019-21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో అధిక బరువు, ఊబకాయం ఉన్నవాళ్లు దేశం మొత్తమ్మీద నూటికి 24 మంది. ఆంధ్రప్రదేశ్‌లో 36 మంది, తెలంగాణలో 30 మంది. ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చెప్పే బీఎంఐ 25, ఆపైన ఉన్నవాళ్ల లెక్క ఇది. మన శరీరాలకు 23 దాటినప్పటి నుంచే జాగ్రత్త అవసరమంటారు కాబట్టి అసలు సంఖ్య ఇంకా ఎక్కువే.

"రోజంతా ఇంటిపనేగా, వేరే ఎక్సర్‌సైజ్ దేనికి?" అనే మాట ఆడవాళ్లే అంటారు. ఒకప్పుడు అది నిజం. బావిలో నీళ్లు తోడి, రుబ్బురోట్లో పిండి రుబ్బి, బండ మీద దుప్పట్లు ఉతికిన ఒళ్లు వేరు. ఆ చాకిరీ పోవడం మంచిదే, మళ్లీ రావాలని ఎవరూ కోరుకోకూడదు. ఇప్పుడు మిగిలింది గంటల తరబడి పొయ్యి దగ్గర నిలబడటం. దాంతో కాళ్లు పీకుతాయి, నడుం పట్టేస్తుంది, అలసట వస్తుంది. గుండె వేగం మాత్రం పెద్దగా పెరగదు, ఊపిరి బరువెక్కదు. మాట్లాడగలిగేంత, పాట మాత్రం పాడలేనంత ఆయాసం వస్తేనే అది వ్యాయామం. ప్రపంచ ఆరోగ్య సంస్థ అలాంటిది వారానికి కనీసం 150 నిమిషాలు ఉండాలంటోంది. దాంతోపాటు వారానికి రెండు రోజులైనా కండరాలకు పని పెట్టాలని చెబుతోంది. మనవాళ్లు ఈ రెండోదాన్ని దాదాపు వదిలేశారు. వయసు పైబడే కొద్దీ, ముఖ్యంగా నెలసరి ఆగాక, కండ తరిగిపోతుంది. తిన్న అన్నంలోని చక్కెరను ఎక్కువగా వాడుకునేది ఆ కండే. జిమ్ అక్కర్లేదు. కుర్చీలోంచి చేతుల ఊతం లేకుండా లేచి కూర్చోవడం, గోడకు చేతులానించి ఒంటిని ముందుకూ వెనక్కూ తోయడం, నీళ్ల సీసాలు పట్టుకుని చేతులెత్తడం చాలు. మోకాళ్ల నొప్పులుంటే డాక్టర్ని అడిగి మొదలుపెట్టాలి.

ఇక కంచం సంగతి. అరవై కిలోల మనిషి అరగంట చురుగ్గా నడిస్తే ఖర్చయ్యేది సుమారు 130 కేలరీలు. అంటే గుప్పెడు బియ్యం. కూరలో ఒక పెద్ద చెంచా నూనె ఎక్కువ పడితే ఆ నడక అక్కడికక్కడే చెల్లు. అందుకే బరువు తగ్గించే పని ఎక్కువగా వంటింటిది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో 2,000 కేలరీల కంచానికి లెక్క ఇలా ఉంది: రోజుకు బియ్యం, గోధుమ, చిరుధాన్యాలు కలిపి 250 గ్రాములు, కూరగాయలు 400 గ్రాములు, పప్పులు, గుడ్లు, మాంసం కలిపి 85 గ్రాములు, నూనె 27 గ్రాములు. దీన్ని బట్టి నలుగురున్న ఇంటికి నెలకు మూడున్నర లీటర్ల నూనె సరిపోవాలి. మీ ఇంటి సరుకుల చీటీ తీసి చూడండి.

పప్పు, గుడ్ల దగ్గర నా బాధ ఇంకొకటి. చాలా ఇళ్లలో గుడ్డు, చేప ముక్క పిల్లలకూ మగవాళ్లకూ పోతాయి. ఆఖర్న కూర్చునే ఇల్లాలికి గిన్నె అడుగున మిగిలిన అన్నం, చారు, పచ్చడి. పారేయడానికి మనసొప్పక పిల్లలు వదిలేసిన ఇడ్లీ కూడా ఆమే తింటుంది. పొట్ట నిండుతుంది, నడుం చుట్టుకొలత పెరుగుతుంది, కండకు కావలసిన ప్రొటీన్ మాత్రం అందదు. అందరూ ఒకేసారి కూర్చుని తినడం, ఆమె కంచంలో ముందుగా పప్పో గుడ్డో వేయడం ఏ డైట్ చార్టు కన్నా ముందు జరగాల్సిన పని.

కిలోలు తగ్గలేదని నెల రోజులకే నడకా, పథ్యమూ మానేసేవాళ్లు ఒక సంగతి తెలుసుకోవాలి. మధుమేహం అంచున ఉన్న 531 మందిని చెన్నైలో డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం దాదాపు మూడేళ్లు పరిశీలించి 2006లో ఫలితాలు ప్రచురించింది. రోజూ నడక, తిండిలో మార్పులు పాటించినవాళ్లకు మధుమేహం వచ్చే ముప్పు 28.5 శాతం తగ్గింది. చెప్పుకోదగ్గంత బరువు తగ్గకుండానే తగ్గింది! కాబట్టి తూకం మిషన్‌తో పాటు టేపు కూడా దగ్గర పెట్టుకోవాలి. నడుం చుట్టూ ఆడవాళ్లకు 80, మగవాళ్లకు 90 సెంటీమీటర్లు దాటకుండా చూసుకోవాలి.

రాత్రి భోజనం ఎనిమిదింటికల్లా ముగించి ఇంటిల్లిపాదీ పావుగంట నడిస్తే భోజనం తర్వాత పెరిగే చక్కెర అదుపులో ఉంటుంది. అందుకు వీధిలో దీపాలు వెలగాలి, కుక్కల భయం లేకుండా ఉండాలి. పార్కుల వేళలూ మారాలి. చాలా కాలనీ పార్కులకు పొద్దున తొమ్మిది, పదింటికల్లా తాళం పడుతుంది. పిల్లలూ భర్తా వెళ్లి, గిన్నెలు కడగడం అయ్యి, ఇల్లాలికి కాస్త తీరిక చిక్కేది సరిగ్గా అప్పుడే. మధ్యాహ్నం పన్నెండు దాకా, మళ్లీ సాయంత్రం నుంచి రాత్రి తొమ్మిదిన్నర దాకా పార్కులు తెరిచి ఉంచాలని మున్సిపల్ కమిషనర్లను అడగాలి. ఈ అర్జీ పెట్టాల్సింది వాకర్స్ క్లబ్బులే. అధికారుల దగ్గర మాట చెల్లే పెద్దలు వాటిలోనే ఉన్నారు.